కాగితాల్లో లేని గది

మా అత్తగారు వేరుశెనగపప్పులు నమిలే చప్పుడంటే నాకు అసహ్యం. పళ్ళు లేని రోజుల్లో ఆవిడ పాలలో రొట్టె నానబెట్టుకుని మింగేది. అప్పుడు నాకు జాలి తప్ప ఏ అసహ్యమూ లేదు. ఇప్పుడు కిందా పైనా కలిపి ఇరవై ఎనిమిది పళ్ళు, ఎక్కడా వంకర లేదు. వాటిని చేసిపెట్టిన మనిషి గురించి ఆవిడ వాటితోనే ఏం మాట్లాడిందో నేను పక్కన నిలబడి విన్నాను. అందుకే ఆ కరకర మొదలవగానే నా కంచం తీసుకుని వంటగదిలోకి పోతాను.

మాకు ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టుంది. అద్దం బావగారు కోస్తారు, చెక్క కోసి మూలలు కలిపేది మా ఆయన, వెనక అట్ట పెట్టి టేపు అంటించి కొక్కెం బిగించేది నేను. బావగారంటే మా ఆయనకు అన్న. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో రెండో మనిషి సంతకం అవసరం పడుతుందని భయపడి మానేశాడని మా ఆయన చాటుగా నవ్విస్తుంటాడు. ఇల్లు ఆయన పేరు మీదే, కొట్టు ఆయన పేరు మీదే, కాబట్టి సంతకాలన్నీ ఆయనవే. రాత మాత్రం నాది.

కాపురానికొచ్చిన వారంలోనే ఆ పని నా మెడకు చుట్టుకుంది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఎవరో అన్నారు, అంతే. కరెంటాఫీసుకు అర్జీ, బ్యాంకు ఫారాలు, గ్యాసు కాగితాలు, అన్నీ నా చేతి మీదుగానే. బావగారు కుర్చీలో వెనక్కి వాలి చెబుతారు, నేను రాస్తాను, ఆయన చదవకుండా సంతకం పెడతారు. కళ్ళజోడు ఎప్పుడూ కొట్లోనే ఉంటుంది. "నువ్వు రాశాక మళ్ళీ చదివేదేముందమ్మా" అంటారు. ఒకసారి ఒళ్ళు మండి, కరెంటాఫీసు అర్జీలో మూడో లైన్లో "ఈ సంతకం పెడుతున్నవారికి తన మాట తప్ప ఇంకొకరి మాట చెవికెక్కదు" అని రాశాను. కింద తోక తిప్పి దర్జాగా సంతకం పెట్టారు. ఆ కాగితం చించి ఇంకోటి రాశాను. పద్నాలుగేళ్ళలో నేను చేసిన పెద్ద అల్లరి అదే.

మా ఇంటి మీద ఒక గది ఉంది. పక్కన ఇరుకు స్నానాలగది, బట్టలారేసుకునేంత జాగా. వెనకవైపు కట్టారు కాబట్టి వీధిలోంచి చూస్తే కనబడదు. అనుమతి లేకుండా లేపింది. మునిసిపాలిటీ దృష్టిలో మాది ఒక్క అంతస్తు ఇల్లు. కాగితాల ప్రకారం ఆ గది లేదు, అందులో ఫ్యాను తిరగదు, కుళాయిలో నీళ్ళు రావు, ఎవరూ ఉండరు. ఉత్తరాల గొడవ కూడా లేకుండా మాకు వచ్చేవన్నీ కొట్టు అడ్రసుకే వస్తాయి. ఏ ఫారంలోనైనా అడ్రసు గడి కనబడగానే నా చెయ్యి దానంతటదే కొట్టు నంబరు రాసేస్తుంది.

ఆ లేని గదిలోకి ఒకమ్మాయి అద్దెకొచ్చింది. వేరే దేశం మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పని. ఆమె పేరు అత్తగారికి నోరు తిరగలేదు. పళ్ళమ్మాయి అంది, ఇంటిల్లిపాదికీ అదే అయింది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లటి ప్లాస్టర్ ఉండేది. పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వచ్చేది, మెట్లెక్కే చప్పుడు కూడా వినిపించేది కాదు. మా మాట మూడేళ్ళుగా నేర్చుకుంటోంది. తప్పులు పోతాయేమోనని చిన్న ముక్కలుగా మాట్లాడేది. "వచ్చే ఏడాది పెద్ద పరీక్ష. పాసైతే లైసెన్సు. అప్పుడు నా ల్యాబు నేను పెట్టుకోవచ్చు" అని వచ్చిన రోజే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెరిగింది.

వేరే దేశం మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఆ సంగతి ఇంటి యజమాని ఒక్క రోజులో విదేశీయుల ఆఫీసుకు తెలియజేయాలి. ఎక్కడ ఉంటోంది, ఎప్పటినుంచి, ఎవరింట్లో. పళ్ళమ్మాయి పెట్టెతో పాటు ఆ ఫారం కూడా చేత్తో పట్టుకునే వచ్చింది. అది నా ముందుకే వచ్చింది. అడ్రసు గడి దగ్గర ఆగాను. నిజం చెప్పాలి కదా, ఆగాను.

"ఉత్తరాలొచ్చే చోటు కాదు బావగారూ, మనిషి పడుకునే చోటు అడుగుతున్నారు ఇందులో" అన్నాను.

"పైగదికి నంబరుందా? లేదు. లేని నంబరు ఎక్కణ్ణుంచి తెస్తావు? కొట్టుది రాసి పారెయ్" అన్నారు.

రాసి పారేశాను. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. పళ్ళమ్మాయి మాత్రం ఫారం మొదటినుంచి చివరిదాకా చదువుకుంది. మా ఇంట్లో కాగితం చదివి చేతిలోకి తీసుకున్న మొదటి మనిషి ఆమే.

"ఇది కొట్టు నంబరు కదా అక్కా?"

"రెండూ మావేలే. మా ఉత్తరాలన్నీ అక్కడికే వస్తాయి" అన్నాను.

"మీకు తెలుసు కదా. సరే" అని మడిచి ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకుంది.

అప్పటికి అత్తగారి నోట్లో మిగిలిన మూడు పళ్ళూ పీకించేశారు. ఎక్కడో చేయించిన కట్టుడుపళ్ళ సెట్టు ఒకటి ఉండేది కానీ పెట్టుకుంటే మాట మధ్యలో ఊడి ఒళ్ళో పడేది. ఆవిడ సిగ్గుతో పొరుగింటికి వెళ్ళడం కూడా మానేసింది. ఒక ఆదివారం పళ్ళమ్మాయి ఆ సెట్టును వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి "ఇది ఈ నోటికి చేసింది కాదు" అంది. తన ల్యాబుకు పనిచ్చే డాక్టరమ్మను ఒప్పించి, చిగుళ్ళ అచ్చు తీయించి, మిగతా పనంతా సెలవురోజుల్లో తనే చేసింది. మైనంలో పళ్ళు గుచ్చి తెచ్చేది. మా మెట్ల మీదకు పైనుంచి మంచి వెలుగు పడుతుంది. అక్కడ అత్తగారిని కూర్చోబెట్టి, నోరు తెరిపించి, మూయించి, 'స' అనమ్మా, 'ఫ' అనమ్మా అని పలికించేది. ఎక్కడ ఒరుసుకుంటోందో వేలితో తడిమి, సన్నటి ఆకురాయితో అరగదీసి మళ్ళీ పెట్టేది. అలా నాలుగు ఆదివారాలు.

ఐదో ఆదివారం అత్తగారు ఆపిల్ కొరికింది. కొరికి ఏడ్చేసింది. "నా బంగారుతల్లీ, నువ్వు నా కడుపున పుట్టాల్సినదానివే" అంటూ ఆ పిల్ల బుగ్గలు నిమిరింది. అచ్చు తీసిన ప్లాస్టర్ దిమ్మను పళ్ళమ్మాయి తన కిటికీలో పెట్టుకుంది. పూర్తిగా తన చేత్తో చేసిన మొదటి పని అట. దిమ్మ అడుగున అత్తగారి పేరూ తారీకూ పెన్సిల్‌తో రాసుకుంది.

పద్నాలుగు నెలలు గడిచాయి. పరీక్ష ఇంకో ఆరు వారాలుందనగా, ఆమె ఇక్కడ ఉండే అనుమతి గడువు పొడిగించుకోవాల్సి వచ్చింది. "ఎవరో వచ్చి ఇల్లు చూస్తారట అక్కా" అని చెప్పింది. బావగారికి చెప్పాను. "వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నారు.

వచ్చాడు. ఇంటికి కాదు, కొట్టుకు. ఫారంలో ఉన్నది అదేగా మరి. మధ్యాహ్నం నేను వంటకని ఇంటికి వచ్చేసిన వేళలో వచ్చాడట. కొట్లో ఏముంటుంది? అద్దాల పలకలు, చెక్క బద్దలు, గోడ నిండా ఎవరెవరివో పెళ్ళి ఫొటోలు. "మంచమెక్కడ?" అని అడిగాడట ఆఫీసరు. తేలు కుట్టినట్టు ఉలిక్కిపడాల్సిన బావగారు అసలు తడుముకోలేదట. "ఇక్కడెవరూ ఉండరండీ, ఆ పిల్లెవరో నాకు తెలీదు" అన్నారట. సంతకం మీదే కదా అంటే, "ఎవరో తెలిసినవాళ్ళు బతిమాలితే పెట్టానండీ, మెత్తటి మనిషిని" అన్నారట. ఇదంతా తర్వాత మా ఆయన చెప్పాడు. ఆయన అప్పుడు అక్కడే ఉన్నాడు, చెక్క కోస్తున్నాడు, కోస్తూనే ఉన్నాడు.

ఆఫీసరు ఒకటే మాట అన్నాడట. "అయితే ఆమె దొంగ అడ్రసు ఇచ్చినట్టు. మూడింటికి మీ ఇంటికొస్తాను. ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఇదే మాట రాసి సంతకాలు పెట్టివ్వండి. అనుమతి రద్దు చేసి వారంలో పంపించేస్తాం. మళ్ళీ ఐదేళ్ళదాకా రానివ్వరు."

బావగారు కొట్టు మూసి ఇంటికొచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా ఈ సంగతి చెప్పారు. చెప్పిన తీరు ఎలా ఉందంటే, గండం గడిచిందన్నట్టు ఉంది.

"నిజం చెప్పేద్దాం బావగారూ. రాసింది మనం, తప్పు మనది. మహా అయితే జరిమానా వేస్తారు" అన్నాను.

"జరిమానాతో పోతుందా? పైన గదుందని తెలిస్తే మునిసిపాలిటీ వాళ్ళు గునపాలతో దిగుతారు. దారినపోయే పిల్ల కోసం ఇల్లు కూలగొట్టుకోమంటావా?"

"దారినపోయే పిల్లా? అత్తయ్యగారి నోట్లో ఉన్నవి ఎవరు చేసిన పళ్ళు?"

"చేసింది, కాదన్నానా?" అంది అత్తగారు మంచం మీద నుంచి. "ఆ పిల్లకేం, వాళ్ళ దేశం వాళ్ళకుంది. మనకు ఇంకో ఇల్లుందా?" అని గుప్పెడు పప్పులు నోట్లో పోసుకుంది. కరకర.

మా ఆయన వైపు చూశాను. "అన్నయ్య చూసుకుంటాడులే, నువ్వు మధ్యలో దూరకు" అన్నాడు, గోడకు చెబుతున్నట్టు. పళ్ళమ్మాయికి రెండుసార్లు ఫోన్ చేశాను. ల్యాబులో ఫోన్లు బయట అరలో పెట్టి వెళ్ళాలి. మోగి మోగి ఆగిపోయింది.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. బావగారు పైకెక్కి ఆమె దుప్పటి నేల మీద పరిచి, ఆమె సామానంతా దాని మీదకు విసరడం మొదలుపెట్టారు. పుస్తకాలు, దువ్వెన, పళ్ళు తోముకునే బ్రష్, సగం వాడిన సబ్బు, పరీక్ష కోసం బొమ్మలు గీసుకున్న కాగితాలు, అన్నీ ఒకే కుప్ప. తీగ మీద ఆమె లోపలి బట్టలు ఆరుతున్నాయి. వాటిని చేత్తో ముట్టుకోలేదు పెద్దమనిషి. ఫ్రేము బద్ద ఒకటి తెచ్చి, ముఖం పక్కకు తిప్పుకుని, దాని కొసతో ఒక్కొక్కటీ ఎత్తి, చచ్చిన ఎలుకను పారేసినట్టు కుప్పలో పడేశారు. అద్దె తీసుకునే చేతికి అంటని మైల బట్టలకు ఉందన్నమాట. ఛీ.

నేనూ తక్కువ తినలేదు. మూట కట్టింది నేనే. మెట్ల కింద పాత ఫ్రేములు పడేసే మూలలోకి లాక్కెళ్ళింది నేనే. మెట్ల తలుపుకు తాళం వేసి, దానికి అడ్డంగా అమ్ముడుపోని పెద్ద ఫ్రేములు రెండు ఆనించింది అన్నదమ్ములిద్దరూ. కిటికీలోని ప్లాస్టర్ దిమ్మను చూసి "ఇదేం రోత" అని బావగారు మూటలోకి విసరబోతే, అందుకుని కొంగు కింద పెట్టుకున్నాను. వంటగదిలో ఉప్పు డబ్బా వెనక దాచాను. ఎందుకో అప్పటికి నాకే తెలీదు.

మూడింటికి ఆఫీసరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎండన పడి తిరిగి అలసిపోయిన ముఖం. టీ ఇచ్చాను. అత్తగారిని అడిగాడు, ఈ అమ్మాయిని ఎప్పుడైనా చూశారా అని, ఫొటో చూపించి.

ఆవిడ ఫొటో చేతిలోకి తీసుకుంది. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "ఎవరో బాబూ. ఇలాంటివాళ్ళను మేం గడప తొక్కనివ్వం. ఎక్కడి మనుషులో, ఎలాంటి అలవాట్లో. మేం సంసారపక్షంగా బతికేవాళ్ళం" అంది.

ఒక్క అక్షరం జారలేదు. 'స' దగ్గర ఈల రాలేదు, 'ఫ' అనాల్సి వచ్చినా అనగలిగేదే. ఆ మెట్ల మీద నాలుగు ఆదివారాలు కూర్చోబెట్టి పలికించిన నోరు కదా.  

"సరే, అదే రాసివ్వండి" అని ఆఫీసరు ఒక తెల్లకాగితం తీశాడు.

బావగారు చిరునవ్వు నవ్వి కాగితం నా వైపు జరిపారు. "మా మరదలు రాస్తుందండీ. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి." కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు సగం మూసుకుని మొదలుపెట్టారు. "పై ఫొటోలోని స్త్రీ ఎవరో మాకు తెలియదు. ఆమె ఏనాడూ మా ఇంట్లో నివసించలేదు. మా మంచితనాన్ని అలుసుగా తీసుకుని..." మంచితనం గురించి నాలుగు వాక్యాలు చెప్పారు. నా కలం ఎక్కడా ఆగలేదు. ఆయన చెప్పడం ఆపేసరికి నా రాయడం కూడా అయింది.

కాగితం ఆయన ముందు పెట్టాను. సంతకం పెట్టారు, తోక తిప్పి. అత్తగారు తన నాలుగు అక్షరాలూ గీసింది. మా ఆయన ఒక్కడే కాగితం మీదకు వంగాడు. రెండు లైన్లు చదివాడు. నా ముఖంలోకి చూశాడు. తల దించుకుని సంతకం పెట్టేశాడు. ఆ మనిషి తన జన్మలో చేసిన ధైర్యమైన పని అదొక్కటే, అదీ నోరు మెదపకుండా చేశాడు. చివర నేను పెట్టాను.

"చదివి వినిపించాలి, రూలు" అని ఆఫీసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. చదివాడు.

"ఈ అమ్మాయి పద్నాలుగు నెలలుగా మా ఇంటి పైగదిలో ఉంటోంది. ఆ గదికి అనుమతి లేదు కాబట్టి ఫారంలో కొట్టు అడ్రసు రాయించాం. ఆమె ఆరోజే ఇది కొట్టు నంబరు కదా అని అడిగింది, ఫర్వాలేదని చెప్పింది మేమే. ఆమె దగ్గర ఏ తప్పూ లేదు. ఇవాళ మధ్యాహ్నం ఆమె సామాను మూటకట్టి మెట్ల కింద దాచాం. ఆ ఫారం రాసిన చెయ్యి, ఇది రాస్తున్న చెయ్యి ఒక్కటే, పోల్చి చూసుకోండి."

బావగారి ముఖం మాడిపోయింది. "అది... నేను అలా చెప్పలేదండీ..." అని నీళ్ళు నమిలారు. ఆఫీసరు కింద సంతకాలు లెక్కపెట్టాడు, నాలుగు. తర్వాత నా వైపు తిరిగి, "రుజువేమైనా ఉందామ్మా? గది ఖాళీ చేశామంటున్నారుగా" అన్నాడు.

వంటగదిలోకి వెళ్ళి దిమ్మ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి అడుగున రాసింది చదివాడు, పేరూ, తారీకూ. పైకి తిప్పి ఆ బోసి చిగుళ్ళ అచ్చు చూశాడు. అత్తగారి నోరు చూశాడు. ఆవిడ పెదాలు బిగించుకుంది.

"మెట్లెటు?" అన్నాడు ఆఫీసరు లేస్తూ. మా ఆయన వెళ్ళి ఫ్రేములు పక్కకు జరిపాడు.

సాయంత్రం ఆరింటికి పళ్ళమ్మాయి వచ్చేసరికి మూట విప్పి బట్టలు ఉతుకుదామని చూస్తున్నాను. అంతా చెప్పాను, ఏదీ దాచలేదు. ఆమె మూటలోంచి తన కాగితాలు ఏరుకుని, నలిగినవి మోకాలి మీద పెట్టి సాపు చేసుకుంది.

"ఆ రోజు ఫారం రాసినప్పుడు, అది తప్పని మీకు తెలుసా అక్కా?" అని అడిగింది.

"తెలుసు" అన్నాను.

పళ్ళమ్మాయి తన బట్టలు నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. నాలుగు రోజుల్లో గది ఖాళీ చేసింది. అడ్రసు తప్పు యజమానిదని రాసి ఆఫీసరు ఆమె గడువు పొడిగించాడు. మా గేటు మీద మునిసిపాలిటీ నోటీసు అంటించారు. బావగారు నాతో మాట్లాడరు. ఇప్పుడు నేను ఏది రాసినా కళ్ళజోడు తెప్పించుకుని, అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదువుతారు. ఇప్పటికీ ఆయన్ని 'గారు' అంటున్నాను, అలవాటు. అత్తగారు ఆ రోజు పళ్ళు తీసి గిన్నెలో పడేసి, "ఆ పాడు పళ్ళు ఇక ముట్టను" అని ఒట్టేసుకుంది. మర్నాడు పొద్దున టిఫిన్ వేళకు పెట్టుకుంది.

మూడు వారాలకు కింది చిగురు ఒరుసుకుని పుండైంది. "ఆ పిల్లను పిలవండిరా" అని మొదలుపెట్టింది. నేను పిలవనన్నాను, సిగ్గులేకపోతే సరి అన్నాను. మా ఆయనతో ఫోన్ చేయించింది. నేను రాదనుకున్నాను. పరీక్ష పెట్టుకుని కూడా ఆదివారం పొద్దున్నే వచ్చింది, చిన్న డబ్బాతో. అదే మెట్ల మీద కూర్చోబెట్టి, నోరు తెరిపించి, వేలితో తడిమి, ఆకురాయితో అరగదీసింది. పది నిమిషాలు. "నా బంగారుతల్లి" అంది అత్తగారు, బుగ్గ నిమరడానికి చెయ్యి చాపి. పళ్ళమ్మాయి ఆ చెయ్యి అందనంత వెనక్కి జరిగి, "గట్టివి రెండు రోజులు తినకండి" అంది.

గేటుదాకా వెంట వెళ్ళాను.

"కొత్త గది బాగుందా?"

"బాగుంది."

"ఫారం ఎవరు రాశారు?"

"నేనే రాసుకున్నాను. ఇంటావిడ చదివి సంతకం పెట్టింది."

"ఎటువైపమ్మా? పరీక్ష అయ్యాక ఒకసారి వచ్చి చూసి వెళ్తాను."

ఆమె డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో చూసుకుంది. నోటీసు అంటించిన గేటు తెరిచింది. "అడ్రసు ఆఫీసులో ఇచ్చానక్కా" అంది.

వీధి మలుపు తిరిగేదాకా చూశాను. లోపల అత్తగారు పప్పుల డబ్బా మూత తీస్తోంది.